రెండు అర్ధచంద్రాలు

పన్నెండింటికి పడవ. పడవలో ముద్దాయి. రాష్ట్ర రాజధాని ఆన్‌చింగ్ చేరాక ముద్దాయి గుండెలో తుపాకీ గుండు. ఈ మూడు సంగతుల్నీ లూ జింగ్‌వెన్ పుచ్చగింజలు ఒలిచినంత తేలిగ్గా ఒలిచి బయటపెట్టాడు.

బావ్ వారి చావడిలో, తాతముత్తాతల పేర్లు చెక్కిన పలకల కింద, పొడుగుబల్ల మీది గడియారం పదింపావు చూపిస్తోంది. గడియారానికి ఒక పక్క పూలకూజా, ఇంకో పక్క అద్దం. అద్దంలో ఇన్‌స్పెక్టర్ చెంగ్‌కి తన మొహం కనిపించింది. పక్కనే లూ మొహం కనిపించింది. వెంటనే అద్దం చూడ్డం మానేశాడు.

చెంగ్‌కి యాభై ఒకటి. చెంగున గెంతే వయసు దాటిపోయి, గెంతేవాళ్ళని చూసి గింజుకునే వయసు. రాష్ట్ర చీఫ్ డిటెక్టివ్ కుర్చీ మీద ఇరవై రెండేళ్ళు కన్నేసి ఉంచాడు. కన్ను చెంగ్‌ది, కుర్చీ మాత్రం కిందటి చలికాలం లూది అయింది. ఆ లూ అంతకుముందు మూడేళ్ళు చెంగ్ దగ్గరే గుమాస్తా. అప్పట్లో చెంగ్ చెప్పింది రాసేవాడు. ఇప్పుడు చెంగ్ రాసింది పదిమందికీ చదివి చెబుతున్నాడు.

"ఈ కేసులో నా గొప్పేమీ లేదు, అంతా అన్నగారి రిపోర్టే," అంటూ లూ చెంగ్ వైపు చూసి కాగితం విప్పాడు. "'పెద్ద బావ్, అనగా బావ్ షిచాంగ్, నిన్న మధ్యాహ్నం రెండు గంటలకి మేడ మీది పడమటి నడవ నుంచి మండువాలోకి పడి చనిపోయాడు. ఆ సమయంలో తమ్ముడు చిన్న బావ్, అనగా బావ్ షిరోంగ్, పడమటి వాటాలో ఉన్నాడు. ముగ్గురు సాక్షులు చెప్పారు. శవం పడగానే అతను వెనక తలుపున పారిపోయాడు.' ఎంత చక్కటి రిపోర్టు! అన్నగారు రాశారు, నేను పట్టుకున్నాను. చేతులు కలిశాయి."

చేతులు కలిశాయి నిజమే. ఒక చేయి రాసింది, ఇంకో చేయి మెడల్ అందుకోబోతోంది.

స్తంభానికి కట్టేసి ఉన్న చిన్న బావ్ గొంతు చించుకున్నాడు. "నేను నిన్న ఊళ్ళోనే లేను బాబూ! ఏరు పొంగి దిగువ రేవులో నాలుగు రోజులు పడవలు ఆపేశారు. ఇవాళ తెల్లవారాకే దిగాను. మూడేళ్ళకి ఇంటికొస్తే, గడప కన్నా ముందు మీ బేడీలు కనిపించాయి!"

"పడవవాడెవడు?"

"సరుకు దించి అప్పుడే వెళ్ళిపోయాడు."

"ఎంత వీలుగా వెళ్ళిపోయాడో!" అని లూ నవ్వాడు. "మూడేళ్ళ కిందట ఈ అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. తూర్పు వాటా అన్నకి, పడమటి వాటా తమ్ముడికి, గొడవ మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. 'నీ పెంకులు పీకేస్తా' అని వీడు అన్నని బెదిరించి మరీ హాంగ్‌జౌ వెళ్ళాడు. పెంకులు పీకలేదు, అన్ననే పీకేశాడు."

చెంగ్ వినడం లేదు. చిన్న బావ్ కాళ్ళ దగ్గరున్న మూట వంక చూస్తున్నాడు. చాపచుట్టలో కట్టిన పెద్ద మూట. తడిసి, చుట్టూ తెల్లగా బూజు పట్టి ఉంది. ముడి మీద హాంగ్‌జౌ కొట్టు వేసిన ఎర్ర లక్కముద్ర చెక్కు చెదరలేదు.

రిపోర్టు ప్రకారం మూడేళ్ళ తర్వాత నిన్న మధ్యాహ్నం మొగుడు ఇంటికొచ్చాడు. రెండింటిదాకా ఇంట్లోనే ఉన్నాడు. అయినా పెళ్ళాం మూట విప్పలేదు!

చెంగ్ ఆ ముద్రని వేలితో తడిమి చూశాడు. ఆన్‌చింగ్‌వాళ్ళు ఇన్నేళ్ళలో మెచ్చుకున్న తన రిపోర్టు ఇదొక్కటే. ఇప్పుడు దాన్నే కెలకాలి.

"వూ అవ్వా, ఇలా రా," అని తూర్పు వాటా వంటమనిషిని పిలిచాడు. "నిన్న చిన్నయ్యగారిని చూశావా?"

"చూడకపోవడమేంటి బాబూ! పన్నెండింటికే వచ్చేశాడుగా. నిన్ననే చెప్పా కదా."

"ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?"

"చొక్కానా... చొక్కా సరిగ్గా చూళ్ళేదు."

"మొహం?"

అవ్వ బోసినోరు ఒకసారి తెరిచి మూసింది. "బల్ల చూశా బాబూ."

"బల్లకి మొహం ఉందా?"

"ఏంటి బాబూ పరాచికాలు! మగాడు దూరదేశం పోతే గుండ్రబల్లని రెండు సగాలు చేసి చెరో గోడకీ ఆనిస్తాం. మూడేళ్ళుగా చిన్నమ్మగారి బల్ల అలా సగంగానే పడుంది. నిన్న మధ్యాహ్నం మండువాలోంచి వెళ్తూ చూస్తే కలిపేసుంది! గడప దగ్గర మగాడి చెప్పులు. లోపల చేపలకూర ఘుమఘుమ. ఇంకేం చూడాలి? మొగుడు లేకుండా బల్ల కలిపే ఆడది ఎక్కడన్నా ఉంటుందా?"

కాపలా ముసలాయన్ని అడిగితే అతను చూసిందీ బల్లే. మూడో సాక్షి పెద్ద బావ్ భార్య క్వీలాన్. ముతక నార మైలబట్టల్లో చావడి మూల కూర్చుని, కళ్ళెత్తకుండానే అంది. "నేనూ బల్లే చూశాను. తలుపు బార్లా తీసి పెట్టింది కదా, చూడమని."

నాలుగో సాక్షి సంగతి ఎవరూ అడగలేదు. నిన్న మూడింటికి చెంగ్ ఈ ఇంట్లో అడుగుపెట్టి, పడమటి వాటాలో కలిసి ఉన్న బల్ల చూసి, 'మగవాడు ఇంట్లో ఉన్నాడు' అని తన చేత్తో తనే రాశాడు. ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాడు ఎవడైనా అలాగే రాస్తాడు. ఒక మనిషిని నలుగురు చూశారు. ఆ నలుగురూ చూసింది నాలుగు కాళ్ళ బల్లని.

"రిపోర్టులో తప్పుంది," అన్నాడు చెంగ్.

లూ కనుబొమలు పైకి లేచాయి. "నిన్న మీరు రాసినప్పుడు ఒప్పు, ఇవాళ నేను పట్టుకున్నాక తప్పా? అన్నగారూ, చనువుకొద్దీ అడుగుతున్నా. వీణ్ణి మీరే పట్టుకుని ఉంటే ఈ బల్ల కథ గుర్తొచ్చేదా?"

చెంగ్ చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమైతే అంత మండేది కాదు.

"నలభై నిమిషాలివ్వు," అన్నాడు.

"ముప్ఫై ఇచ్చాను. మీకు కాలక్షేపంగా ఉంటుంది."

*

పడమటి వాటాలో చిన్న బావ్ భార్య సుయున్ ఆ గుండ్రబల్ల పక్కనే కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. నడుము దాటిన జుట్టుని గట్టిగా ముడేసుకుంది, నోటికి కూడా అదే ముడి వేసినట్టుంది. బల్ల మీద రెండు గిన్నెలు, రెండు జతల అన్నం తినే పుల్లలు నిన్నటి నుంచి అలాగే ఉన్నాయి.

చెంగ్ గడప దగ్గరున్న మగాడి చెప్పులు తీసుకుని అడుగులు తిప్పి చూశాడు. తెల్లటి గుడ్డ అడుగు. కర్పూరం వాసన.

"చిన్నమ్మగారూ, పడవ పందేల పండగనాటి సాయంత్రం మొదలుపెట్టి అయిదు రోజులు ఈ ఊళ్ళో వాన దంచి కొట్టింది. నిన్న పొద్దున గానీ ఎండ మొహం చూళ్ళేదు. రేవు నుంచి మీ వాకిలి దాకా మోకాలిలోతు బురద. మీ ఆయన అంత దూరం నడిచొచ్చి ఇంత తెల్లగా చెప్పులు విడిచాడా? ఆకాశంలోంచి సరాసరి మండువాలోకి దిగాడా?"

చెంగ్ చెప్పులు పట్టుకునే బల్ల దగ్గరికి వచ్చాడు.

"రెండో జత పుల్లలకి పులుసు మరకే లేదు. చేపలకూర ముద్దయినా ముట్టకుండా లేచిపోయాడా? అన్నని చంపాలన్న ఆకలిలో అన్నం ఆకలి వేయలేదా?"

"నిన్న చెప్పిందే ఇవాళా చెబుతా. వచ్చారు, పనుందని వెళ్ళిపోయారు."

"అలాగే చెప్పండి. పన్నెండింటికి ఆయన పడవెక్కుతాడు. ఆ పడవెక్కిన మనిషి ఈ రేవులో మళ్ళీ దిగడు. ఆ తర్వాత ఈ బల్లని మీరు జన్మలో కలపనక్కర్లేదు."

సుయున్ చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. రెండు సగాలు కలిసిన గీత మీద బొటనవేలు అటూ ఇటూ తిరిగింది.

"మూడేళ్ళు," అంది చివరికి. "మూడేళ్ళుగా క్వీలాన్ అక్క రోజుకోసారి ఈ గుమ్మం ముందు ఆగి నా బల్ల చూసి వెళ్తుంది. పండగరోజు మేమంతా పడవ పందేలకి బయల్దేరుతుంటే పదిమందిలో అంది. 'నీకేం సుయున్, సగం బల్ల, సగం వంట, సగం మంచం, ఖర్చు కలిసొస్తుంది. హాంగ్‌జౌలో మరిదికి ఇంకో బల్ల గుండ్రంగా ఉందట' అని. అందరూ నవ్వారు. వూ అవ్వ కూడా నవ్వింది. పళ్ళు లేకపోయినా నవ్వింది!"

"అందుకని?"

"ఒక్క పూట. ఒకే ఒక్క పూట ఆవిడ నా గుమ్మం వైపు చూసి ముద్ద మింగలేకపోవాలి అనుకున్నా. బల్ల కలిపా. పెట్టెలోంచి ఆయన చెప్పులు తీసి గడపలో పెట్టా. చేప పులుసు పెట్టా. ఆ వాసన తూర్పు వాటాకి వెళ్ళాలని విసనకర్రతో విసిరా కూడా! రెండింటికి మండువాలో ధబ్బుమంది. వంటింట్లోంచి వచ్చి చూస్తే బావగారు..."

"నిన్ననే చెప్పొచ్చుగా?"

"ఏమని? మొగుడు రాకుండానే బల్ల కలుపుకున్న ఆడదాన్నని ఊరందరి ముందూ చెప్పనా?" ఆమె కళ్ళు నిప్పుల్లా వెలిగి, వెంటనే నీళ్ళయ్యాయి. "వెళ్ళిపోయారంటే సరిపోతుందనుకున్నా. ఇవాళ నిజంగానే వస్తారని కలగన్నానా?"

చెంగ్ చేతిలోని చెప్పుల్ని మళ్ళీ గడపలో పెట్టాడు. కిందటి చలికాలం ఆన్‌చింగ్ నుంచి కబురు రాకముందే తనూ చీఫ్ డిటెక్టివ్ కోటు కుట్టించుకున్నాడు. కుర్చీ వచ్చేసిందని పెళ్ళానికి చెప్పి, బాతుకూర వండించుకుని, ఆ కోటు తొడుక్కుని తిన్నాడు. ఆ కోటు ఇప్పుడు పెట్టె అడుగున ఉంది. ఈవిడ చెప్పులకి పట్టిన కర్పూరం వాసనే దానికీ పట్టి ఉంటుంది.

"రండమ్మా," అన్నాడు మెత్తగా. "ఇదే మాట చావడిలో చెప్పండి. నా తప్పు నేనూ చెబుతాను. ఇద్దరం ఒకేసారి సిగ్గుపడితే బరువు సగమవుతుంది."

*

ఆమె చెప్పింది. చెంగ్ తన రిపోర్టుని అందరి ముందూ నిలువునా చింపాడు. చావడి అంతా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

అందరికన్నా ముందు నోరు మూసుకుని, మళ్ళీ తెరిచినవాడు చిన్న బావ్. "నేను లేకుండా బల్ల కలిపావా? మరి రెండో గిన్నె ఎవడిది?"

"గిన్నె నీదే! తినడానికి నువ్వు లేవు!"

"వండింది నిజం చేప, తిన్నది అబద్ధం మొగుడా? నన్ను నమ్మమంటావా?"

"హాంగ్‌జౌలో నీకు వండేదాన్ని అడుగు, అది నమ్ముతుందేమో!"

చావు అంచున స్తంభానికి కట్టేసి ఉన్న మనిషి, తాళ్ళు విప్పించుకోవడం మానేసి పెళ్ళాన్ని ఆరా తీస్తున్నాడు. మూలనున్న క్వీలాన్ మాత్రం మొదటిసారి తలెత్తింది. ఆమె మొహంలో రక్తం లేదు.

"అయితే... మరిది రాలేదా?" అంది, తనతో తనే అన్నట్టు. "అంతా ఉత్తిదేనా?"

లూ అప్పటికే తేరుకున్నాడు. అదే చెంగ్‌కి ఒళ్ళు మండించేది. ఎక్కడ పడేసినా పిల్లిలా కాళ్ళ మీదే పడతాడు.

"బాగుంది. మొగుడు లేడు, విప్పండి ఆయన్ని," అన్నాడు లూ పోలీసులతో. "ఇక పడమటి వాటాలో రెండింటికి ఉన్నదెవరు? ఈవిడొక్కతే. శవం పడింది ఎవరి నడవ నుంచి? ఈవిడ నడవ నుంచి. నిన్నంతా పోలీసులతో అబద్ధమాడింది ఎవరు? ఈవిడే. ఆయన్ని విప్పిన తాడుతోనే ఈవిణ్ణి కట్టండి. పడవ టైము మారదు."

తాడు మారింది. మెడ మారింది. మొగుణ్ణి బతికించడానికి సిగ్గు విడిచి నిజం చెప్పిన మనిషిని, ఆ నిజమే పడవ దగ్గరికి నడిపిస్తోంది. చెప్పించింది చెంగ్. సుయున్ అతని వంక చూసింది.

పదకొండు కావస్తోంది.

"నడవ చూడాలి," అన్నాడు చెంగ్. "నువ్వూ రా. నేనొక్కణ్ణే చూస్తే మళ్ళీ ఏడుపంటావు."

*

మేడ మీద నడవ మండువా చుట్టూ నాలుగు వైపులా తిరుగుతుంది. మండువా వైపు అంచున పొడుగాటి ఆనుడుబల్లలు. వాటి వీపులు కటకటాల్లా బయటికి వంగి, గాల్లోకి తేలుతున్నట్టుంటాయి. కూర్చుని వెనక్కి వాలితే కింద రాతి నేల. పంపకాలయ్యాక నడవకి అడ్డంగా ఒక తలుపు పెట్టారు. గడియ తూర్పు వైపు ఉంది. నిన్న ఆ గడియ తీసి ఉందని చెంగ్ రిపోర్టులో సరిగ్గానే రాశాడు.

పడమటి ఆనుడుబల్ల వీపు మూడడుగుల మేర ఊడిపోయింది. ఆ ముక్క శవంతోపాటే మండువాలో పడింది.

"తోసింది, విరిగింది," అన్నాడు లూ.

"విరగలేదు. ఊడింది. చూడు, ఎక్కడా చీలిక లేదు. నూటయాభై ఏళ్ళనాటి ఇల్లు ఇది. మేకు అన్న మాటే లేదు, అంతా చెక్కచీలల మీద నిలబడింది." చెంగ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ చెరో మూలుగు మూలిగాయి. నిలువుకర్రకి బొటనవేలంత కన్నం. "ఇందులో ఉండాల్సిన చీల ఏదీ?"

"మండువాలో పడుంటుంది."

"నిన్న మండువా అంతా నీళ్ళు తోడించి వెతికించాను. లేదు. నీ భూతద్దం ఇవ్వు."

లూ ఇచ్చాడు. జపాన్ నుంచి తెచ్చుకున్న వెండి పిడి భూతద్దం. చెంగ్ దాన్ని కొంచెం ఎక్కువసేపే పట్టుకుని, తర్వాత కన్నం మీద పెట్టాడు. "నువ్వే చూడు, లోపల ఏముందో."

"బూజు."

"ఎలాంటి బూజు?"

"దూదిలా, దట్టంగా తెల్లగా. ఈ వానల్లో ఈ ఊళ్ళో బూజు పట్టనిదేముంది అన్నగారూ? నా బూట్లకే పట్టింది."

"గాలి తగిలేదానికి పడుతుంది. బిగిసి కూర్చున్న చీల ఉంటే కన్నం లోపలికి గాలెలా పోతుంది? చీల పోయాకే బూజు వచ్చింది. ఇంత దట్టంగా రావాలంటే నాలుగైదు రోజులు పడుతుంది. నిన్న లాగినదైతే లోపలి కర్ర తేనెరంగులో మెరుస్తూ ఉండేది."

లూ మొహంలో నవ్వు ఆరిపోయింది. ఒక్క క్షణం. అంతే.

"అంటే ఇది తోపులాట కాదు, ఉచ్చు," అన్నాడు. "చీల లేకపోయినా వీపు నిలబడి ఉంటుంది. ఎవరో బరువుగా ఆనినప్పుడే ఊడుతుంది. ఉచ్చు పెద్ద బావ్‌కి కాదు. ఇక్కడ రోజూ కూర్చునేవాళ్ళకి."

ఇరవై రెండేళ్ళ అనుభవంతో తను మోకాళ్ళ మీద పాకి చేరిన చోటికి వీడు నిలబడే చేరాడు. చెంగ్‌కి మెచ్చుకోవాలనిపించింది. ఆ మాట పళ్ళ దాకా వచ్చి పళ్ళ మధ్యే నలిగిపోయింది.

కింద నుంచి వూ అవ్వని పైకి పిలిపించాడు.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారు?"

"చిన్నమ్మగారే బాబూ. ఎండ ఉన్నరోజు భోంచేసి, తలంటుకుని, ఇక్కడే జుట్టు వెనక్కి వేసి ఆరబెట్టుకుంటది. మండువాలోకి వేలాడతాది ఆ జుట్టు, నల్లటి జలపాతంలాగ."

"అయిదు రోజులు వాన. బల్ల తడిగా ఉంది కాబట్టి ఎవరూ కూర్చోలేదు," అన్నాడు లూ. "నిన్న ఎండ వచ్చింది. ఆవిడ కూర్చోవాల్సింది."

"కూర్చోలేదు. లేని మొగుడికి లేనిపోని వంట చేస్తోంది," అన్నాడు చెంగ్. "బల్ల కలిసింది చూసి పెద్ద బావ్ ఒళ్ళు కుతకుతలాడింది. తమ్ముడొచ్చాడు, వాటాలు తిరగతోడతాడేమో, పెళ్ళాంతో ఏం చెబుతున్నాడో! తలుపు గడియ తీసి ఇటొచ్చాడు. కింది గదిలో బల్ల దగ్గర ఎవరున్నారో చూడ్డానికి కటకటాల మీదుగా కిందికి వంగాడు. దెబ్బ నుదుటి మీద తగిలింది, గుర్తుందా? వెనక్కి వాలినవాడికి తల వెనక తగలాలి."

"అవ్వా, పెద్దయ్యగారు రోజూ ఈ టైముకి ఎక్కడుంటారు?" అడిగాడు లూ.

అవ్వ గొంతు తగ్గించింది. "ఎదుటి నడవలో. తూర్పు బల్ల మీద కూర్చుని నీళ్ళ హుక్కా గుడగుడలాడిస్తూ, ఇటే చూస్తా ఉంటారు. ఈ తల్లి జుట్టు ఆరేదాకా ఆయన హుక్కా ఆరదు."

"ఆ సంగతి పెద్దమ్మగారికి తెలుసా?"

"ఆవిడకి తెలవనిదేముంది బాబూ."

చెంగ్, లూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆర్నెల్ల తర్వాత ఇద్దరి బుర్రలూ ఒకే దారిన నడవడం ఇదే మొదలు.

"పండగరోజు పందేలకి ఎవరెవరు వెళ్ళారు?" చెంగ్ ప్రశ్న ముగియకముందే జవాబు వచ్చేసింది.

"అందరం వెళ్ళాం. పెద్దమ్మగారే తలనొప్పని ఇంట్లో ఉండిపోయారు. ఏటి ఒడ్డున ఆ డప్పుల మోతకి, ఇంట్లో ఎవరు చచ్చినా వినిపించదు."

సుత్తితో చీల కొట్టినా వినిపించదు, అనుకున్నాడు చెంగ్.

లూ కోటు సర్దుకున్నాడు. "నేను తూర్పు నడవ నుంచి ఇటు ఒక ఫొటో తీసుకుంటాను. చూపు ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఆనుతుందో ఆన్‌చింగ్‌లో చూపించాలి. మీరు కింద ఆవిడ సంగతి చూడండి." రెండడుగులు వేసి ఆగాడు. "రిపోర్టు నేనే రాస్తాను అన్నగారూ. మీరు పొద్దున చింపేశారుగా, మీకు మళ్ళీ శ్రమెందుకు?"

*

పదకొండు నలభై. సుయున్ చేతులకి తాడు అలాగే ఉంది. పక్కనే నిలబడ్డ మొగుడు ఆమె చేతుల్ని ఒకసారీ, పడమటి గుమ్మంలోంచి కనిపిస్తున్న రెండో గిన్నెని ఒకసారీ చూస్తున్నాడు.

చెంగ్ క్వీలాన్ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"పెద్దమ్మగారూ, తలనొప్పి తగ్గిందా?"

"ఏ తలనొప్పి?"

"పండగనాటిది. సుత్తి పట్టుకుంటే తగ్గే తలనొప్పి."

ఆమె కళ్ళు ఆర్పలేదు. "ఇంట్లో చీలలు కొట్టుకోవడం నేరమా?"

"కొట్టడం కాదు, పీకడం. పీకి, వాన ఆగేదాకా ఎదురుచూడ్డం. అయిదు రోజులు ఆకాశం వంక చూసి ఉంటారు. నిన్న ఎండ వచ్చింది. రెండింటికి మండువాలో చప్పుడు వినగానే ఏమనుకున్నారు? సుయున్ అనుకున్నారు కదూ?"

క్వీలాన్ మండువా వైపు తల తిప్పింది. చావడిలో గడియారం చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"పరిగెత్తుకొచ్చా," అంది చివరికి. "జుట్టు కోసం చూశా. రాతి మీద పరుచుకుని ఉంటుందనుకున్నా. జుట్టు లేదు. ఆయన బట్టతల ఉంది."

సుయున్ గొంతులోంచి చిన్న కేక వచ్చింది. చిన్న బావ్ తనకి తెలియకుండానే భార్యకి అడ్డంగా ఒకడుగు ముందుకేశాడు.

"ముప్ఫై ఏళ్ళ కాపురం," అంది క్వీలాన్. "ఏనాడూ నా బల్ల విడిపోలేదు. ఊరంతా నన్ను చూసి ఏడ్చింది. ఆ గుండ్రబల్లకి అటు కూర్చుని ఆయన తింటూ తింటూ ఎండ వచ్చిందా లేదా అని ఆకాశం చూసేవాడు. అది సగం బల్ల ముందు కూర్చుని కూడా నా మొగుణ్ణి పూర్తిగా లాక్కుంది." ఒక్కసారి ముందుకి వంగి చెంగ్ చెయ్యి పట్టుకుంది. "మీరు పెద్దవారు, ఒక్కటి చెప్పండి. ఆయన నిన్న అటు ఎందుకు వెళ్ళాడు? దాని కోసమేనా? ఆ ఒక్కటీ చెప్పండి, ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేస్తా."

"కాదమ్మా. బల్ల చూసి వెళ్ళాడు. తమ్ముడొచ్చాడని ఓర్చుకోలేక తొంగి చూశాడు."

"నిజంగా?"

"దెబ్బ నుదుటి మీద తగిలింది. జుట్టు చూడ్డానికైతే తన బల్ల మీదే కూర్చునేవాడు."

క్వీలాన్ చాలాసేపు ఆ మాటని మనసులో తిప్పి తిప్పి చూసుకుంది. మొహంలో బిగువు సడలింది. మొగుడి శవం లేచాక మొదటిసారి ఆమె ఊపిరి సరిగ్గా తీసుకున్నట్టు కనిపించింది.

"ఆవిడ కట్లు విప్పండి," అన్నాడు చెంగ్ పోలీసులతో. తాడు నేల మీద పడింది. "పెద్దమ్మగారూ, చీల ఎక్కడ దాచారు?"

ఆమె మైలబట్టల చేతిమడతలోంచి రుమాలు తీసి, విప్పి, ఒళ్ళో పెట్టుకుంది. నూటయాభై ఏళ్ళ నునుపుతో మెరుస్తున్న నల్లటి చెక్కచీల. దాని పక్కనే ఇంకోటి.

చెంగ్ లెక్క తప్పానేమోనని మళ్ళీ చూశాడు. "ఊడింది ఒక బల్ల. చీలలు రెండున్నాయేం?"

"కూర్చునేవాళ్ళు ఇద్దరు కదా ఇన్‌స్పెక్టర్ గారూ," అంది క్వీలాన్ ప్రశాంతంగా. "అది జుట్టు ఆరబెట్టుకునే బల్లదొకటి. ఆయన కూర్చుని చూసే బల్లదొకటి. ఎవరు ముందు ఆనితే వాళ్ళు అనుకున్నా. నేను పక్షపాతం చూపించలేదు."

చెంగ్ తల పైకెత్తాడు.

మండువా పైన, తూర్పు నడవలో, కెమెరా ముక్కాలి పీటని సరిచేసుకుని లూ జింగ్‌వెన్ ఆనుడుబల్ల మీద కూర్చోబోతున్నాడు. వెనక శూన్యం. కింద రాయి.

గడియారం ఒక్కసారి టిక్కుమంది. ఆ ఒక్క టిక్కు సేపూ చెంగ్ నోరు తెరుచుకోలేదు. ఇరవై రెండేళ్ళు, బాతుకూర, పెట్టె అడుగున కోటు, అన్నీ ఆ ఒక్క టిక్కులో ఇరుక్కుని గొంతుకి అడ్డంపడ్డాయి.

రెండో టిక్కుకి పీట తన్నేసి లేచాడు.

"లూ! లే! కూర్చోకు! ఆ సీట్లోంచి లేచి ఇవతలికి రా!"

ఇల్లంతా దద్దరిల్లింది. పైన లూ కిందికి చూసి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"ఏంటి అన్నగారూ! ఆన్‌చింగ్ సీటు ఎలాగూ దక్కలేదు, ఈ చెక్క సీటు మీద కూడానా మీ ఏడుపు?" అని కాలు మీద కాలు వేసుకుని, హాయిగా వెనక్కి వాలాడు.